పంపు కొనే ముందు: న్యారోబోట్ స్టవ్ పైపుల్లో గాలి పడితే ఏ దారి ఎంచుకోవాలి?

ఇంగ్లండ్ కాలువల మీద న్యారోబోట్‌లో కాపురం ఉండేవాళ్లకు చలికాలంలో స్టవ్వే ఆధారం. 7 అడుగుల వెడల్పు కూడా ఉండని ఉక్కు పడవ. పొడవు మాత్రం 50, 60 అడుగులు, కొన్నయితే 70 దాకా ఉంటాయి. ముందు గదిలో బొగ్గుతోనో కట్టెలతోనో మండే స్టవ్ ఉంటుంది. దాని వెనక బ్యాక్ బాయిలర్ అనే చిన్న నీళ్ల పెట్టె. అక్కడ కాగిన నీళ్లు పైపుల్లో వెనక పడగ్గది దాకా వెళ్లి, రేడియేటర్లను వేడెక్కించి, చల్లారి తిరిగి స్టవ్ దగ్గరికి వస్తాయి. ఏర్పాటు ఇంతే. కానీ ఈ పైపుల్లో ఎక్కడైనా గాలి పట్టిందంటే ముందు గదిలో ఉక్కపోత, వెనక గదిలో రెండు దుప్పట్లు కప్పుకున్నా వణుకు.

దీనికి ఒక్కొక్కరు ఒక్కో మందు చెబుతారు. రోజూ బ్లీడ్ చెయ్యమని, అంటే రేడియేటర్ స్క్రూ విప్పి గాలి తీసెయ్యమని ఒకరు, ఆటోమేటిక్ ఎయిర్ వెంట్ పెట్టమని ఇంకొకరు, పంపు పెడితే గొడవే ఉండదని మరొకరు. ఉద్యోగాలకని ఇక్కడికి వచ్చి, లండన్ అద్దెలు చూసి పడవ కొనుక్కునే మనవాళ్లు ఇవన్నీ విని కంగారు పడిపోతుంటారు. నేను కూడా పడవలోనే ఉంటాను కాబట్టి నా లెక్క ముందే చెప్పేస్తాను. పైపుల వాలు, హెడర్ ట్యాంకు (పైనుంచి పైపులకు నీళ్లిచ్చే, ఉబ్బిన నీళ్లు చేరే చిన్న తెరిచిన ట్యాంకు) సైజు, గాలి బయటికి పోయే దారి, ఈ మూడూ చూడకుండా కొన్న పంపు డబ్బు దండగ. ఇవి సరిగ్గా ఉన్న పడవల్లో చాలావాటికి పంపు అవసరమే రాదు. ఇవి సరిగ్గా లేకపోతే పంపు పెట్టినా గాలి మళ్లీ వస్తుంది.

నీళ్లను తిప్పే శక్తి ఎంత తక్కువో చూడండి

పంపు లేని పడవలో నీళ్లు తిరగడానికి కారణం వేడి నీటికీ చల్లటి నీటికీ ఉన్న బరువు తేడా ఒక్కటే. 80 డిగ్రీల వేడి నీళ్లు లీటరు దాదాపు 972 గ్రాములు తూగుతాయి. 50 డిగ్రీలకు చల్లారితే 988 గ్రాములు. స్టవ్‌కీ రేడియేటర్లకీ మధ్య పనికొచ్చే ఎత్తు 30 సెంటీమీటర్లు ఉందనుకుందాం. పడవలో అంతకంటే ఎక్కువ దొరకడం కష్టమే. ఈ లెక్కన నీటిని తోసే ఒత్తిడి దాదాపు 5 మిల్లీమీటర్ల నీటి మట్టం ఇచ్చేటంత. 5 సెంటీమీటర్లు కాదు, 5 మిల్లీమీటర్లు.

ఇప్పుడు పైపు ఒకచోట క్లిప్పు వదులై గానీ, తలుపు చట్రాన్ని తప్పించడానికి గానీ కొంచెం గూనిలా పైకి లేచి దిగిందనుకోండి. గాలి తేలిక కాబట్టి అక్కడికే చేరుతుంది. ఆ గాలిని దాటి నీళ్లు అవతలికి పోవాలంటే గూని ఎత్తంతా ఎక్కాలి. గూని 2 సెంటీమీటర్లు ఉంటే, 5 మిల్లీమీటర్ల ఒత్తిడితో అది జరగదు. మంట ఎంత పెంచినా జరగదు. బాయిలర్‌లో నీళ్లు మరిగి డబడబా చప్పుడు వస్తుంది తప్ప వెనక రేడియేటర్ వేడెక్కదు. 12 వోల్టుల చిన్న పంపు అయితే ఒక మీటరు, రెండు మీటర్ల నీటి ఎత్తుకు సరిపడా తోస్తుంది. అందుకే పంపు పెట్టిన రోజున అద్భుతం జరిగినట్టు అనిపిస్తుంది. కానీ గూని అక్కడే ఉంటుంది, అందులోకి గాలి వచ్చే దారీ అలాగే ఉంటుంది.

ముందు తేల్చుకోవాల్సింది: అది ఎక్కడి గాలి?

పైపుల్లో కనిపించే గాలి అంతా ఒకటి కాదు. ఏ రకమో తెలియకుండా మందు వేస్తే పని చెయ్యదు.

మొదటిది, నింపినప్పుడు మిగిలిపోయిన గాలి. రిపేరు కోసం నీళ్లు తీసేసి మళ్లీ నింపారు, అప్పటి నుంచి ఒక రేడియేటర్ చల్లగా ఉంది. దీంతో పెద్ద టెన్షన్ లేదు, ఒకసారి తీసేస్తే పోతుంది. దీనికి తోడు కొత్త నీళ్లలో కరిగి ఉండే గాలి ఉంటుంది. 10 డిగ్రీల చల్లటి నీటిలో లీటరుకు 20 మిల్లీలీటర్ల పైచిలుకు గాలి కరిగి ఉంటుంది. కాగేకొద్దీ అందులో చాలా భాగం బుడగలై బయటికొస్తుంది. అందుకే కొత్తగా నింపాక మొదటి వారం రెండు వారాలు మళ్లీ మళ్లీ గాలి కనిపించడం మామూలే. ఆ తర్వాత ఆగిపోవాలి.

ఆగకపోతే అది రెండో రకం, అంటే బయటి నుంచి కొత్తగా వస్తున్న గాలి. దీనికి నేను చూసినంతలో ఎక్కువగా కారణమయ్యేది హెడర్ ట్యాంకు. జనం అనుమానించనిది కూడా అదే. నీళ్లు 10 డిగ్రీల నుంచి 80కి కాగితే దాదాపు 3 శాతం ఉబ్బుతాయి. పైపులు, రేడియేటర్లు, బాయిలర్ కలిపి 40 లీటర్లు పట్టే పడవలో అది 1.2 లీటర్లు. నీళ్లు గడ్డకట్టకుండా యాంటీఫ్రీజ్ కలిపితే ఇంకొంచెం ఎక్కువ. మీ హెడర్ ట్యాంకులో ఖాళీ జాగా లీటరే ఉంటే, స్టవ్ బాగా మండిన ప్రతి సాయంత్రం మిగతాది పొంగి బయటికి పోతుంది. తెల్లవారి చల్లారాక నీళ్లు కుంచించుకుని, ట్యాంకు మట్టం అడుగు కన్నం కిందికి దిగి, పైపులోకి గాలి వెళ్తుంది. సాయంత్రం మళ్లీ అదే తంతు. ఇది రోజూ జరుగుతుంటే ఎన్నిసార్లు బ్లీడ్ చేసి ఏం లాభం? స్టవ్ పూర్తిగా చల్లారాక ట్యాంకులో నీళ్లు అడుగున మూడో వంతు ఉండాలి, బాగా వేడెక్కినప్పుడు అంచు తాకకూడదు. ఈ రెండూ కుదరకపోతే పెద్ద ట్యాంకు పెట్టడమే అసలు మందు.

మూడోది గాలే కాదు, హైడ్రోజన్. ఉక్కు రేడియేటర్ల లోపలి గోడలు తుప్పు పడుతున్నప్పుడు పుట్టే వాయువు అది. గుర్తు పట్టడం తేలిక: బ్లీడ్ చేసినప్పుడు వచ్చే నీళ్లు నల్లగా ఉంటాయి, ప్రతి వారం ఒకటే రేడియేటర్ పైభాగం చల్లబడుతుంది, ట్యాంకు మట్టం మాత్రం ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. అగ్గిపుల్ల గీసి పరీక్ష చేసే అలవాటు కొందరికి ఉంది. ఇరుకు పడవలో ఆ పని వద్దు. దీనికి వెంట్‌లూ పంపులూ ఏ సాయమూ చెయ్యవు. పాత నీళ్లు తీసేసి, కడిగి, ఫెర్నాక్స్ లేదా సెంటినెల్ లాంటి ఇన్‌హిబిటర్ (తుప్పును ఆపే మందు) కలిపిన కొత్త నీళ్లు నింపాలి. అలక్ష్యం చేస్తే రేడియేటర్‌కు కన్నం పడటం ఎప్పుడన్నదే ప్రశ్న.

నాలుగోది ఆవిరి. స్టవ్‌లోంచి గట్టిగా చప్పుళ్లు వస్తాయి, హెడర్ ట్యాంకులో నీళ్లు పొంగి వేడెక్కుతాయి, వెంట్ పైపులోంచి ఆవిరి వస్తుంది. నీళ్లు తిరగడం ఆగిపోయిందని దాని అర్థం. ఇది కనిపిస్తే బ్లీడ్ కీ పక్కన పెట్టండి. స్టవ్‌కి గాలి వెళ్లే కంతలు మూసి మంట తగ్గనివ్వండి. మరుగుతున్న బాయిలర్‌లోకి చల్లటి నీళ్లు పోయకూడదు. పోస్తే ఒక్కసారిగా ఆవిరి ఎగదన్నవచ్చు, బాయిలర్ పగలవచ్చు. పూర్తిగా చల్లారాకే మిగతా పని.

పడవ ఇల్లు కాదు: వాలు రోజూ మారుతుంది

మామూలు ప్లంబర్లకు తట్టని సంగతి ఇది. ఇంట్లో ఒకసారి వాలు చూసి పైపు బిగిస్తే నూరేళ్లయినా అంతే ఉంటుంది. పడవలో అలా కాదు. చాలా న్యారోబోట్‌లలో మంచినీళ్ల ట్యాంకు ముందు డెక్ కింద ఉంటుంది. ఇంజను, డీజిల్, బ్యాటరీలు వెనక కొసన. ట్యాంకులో 500 లీటర్లు పడతాయనుకుంటే అది అర టన్ను బరువు. అది నిండుగా ఉన్నప్పుడు ముందు కొస కిందికి దిగి ఉంటుంది. నీళ్లు వాడేసేకొద్దీ పైకి లేస్తుంది. 57 అడుగుల పడవకు ఉజ్జాయింపుగా లెక్క కడితే ముందు కొస 5 సెంటీమీటర్ల పైనే లేస్తుంది, వెనక కొస రెండు మూడు సెంటీమీటర్లు దిగుతుంది. 10 మీటర్ల పైపు వాలులో దాదాపు 5 సెంటీమీటర్ల తేడా వస్తుందన్నమాట.

మీ వేడి నీళ్ల పైపు స్టవ్ నుంచి వెనక్కి పోతూ 10 మీటర్లలో 3 సెంటీమీటర్లు ఎక్కేలా బిగించారనుకోండి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు గాలి వెనక కొసనున్న బ్లీడ్ స్క్రూ దగ్గరికి చేరుతుంది, మీరు తీసేస్తారు, అంతా బాగుంటుంది. పది రోజుల తర్వాత ట్యాంకు ఖాళీ అయ్యే సమయానికి వాలు తిరగబడి గాలి ముందుకు నడుస్తుంది. ఆ చివర స్క్రూ లేదు. "మొన్నటి దాకా బాగానే ఉంది, ఏమీ ముట్టుకోలేదు, అయినా ఆగిపోయింది" అని చాలామంది చెప్పే కథ వెనక తరచూ ఉండేది ఇదే.

పరీక్షకు పైసా ఖర్చు లేదు. మంచినీళ్ల ట్యాంకు నిండుగా ఉన్న రోజున ఒకసారి, అడుగంటిన రోజున ఒకసారి పైపు మీద స్పిరిట్ లెవెల్ (మట్టం చూసే బుడగ గొట్టం) పెట్టి మొదటి నుంచి చివరి దాకా చూడండి. రెండు రోజుల్లోనూ బుడగ ఒకే వైపు ఉంటే మీ పైపు మంచిది. అటూ ఇటూ మారితే సమస్య అక్కడుంది. పైపు క్లిప్పులు విప్పి వాలు పెంచడం ఒక దారి. నేల చెక్కల కింద బరువు కోసం వేసిన ఇటుకలు, సిమెంటు పలకలు కొన్నిటిని ముందుకో వెనక్కో జరపడం ఇంకో దారి. రెండోది నడుం విరిచే పని, పైగా పడవ నడిపే తీరు కూడా మారుతుంది. అందుకే నేనయితే క్లిప్పులకే ఓటేస్తాను.

చేత్తో గాలి తీయడం, కింద నుంచి నింపడం

చేత్తో బ్లీడ్ చెయ్యడం అందరికీ తెలిసిందే, రెండు మూడు పౌండ్ల కీ చాలు. మొదటి రకం గాలికి ఇదే సరైన మందు. స్టవ్ చల్లగా ఉన్నప్పుడు, పంపు ఉంటే దాన్ని ఆపి, హెడర్ ట్యాంకులో నీళ్లున్నాయని చూసుకుని చెయ్యాలి. స్క్రూ విప్పినప్పుడు గాలి బయటికి రాకుండా లోపలికి పీల్చినట్టు అనిపిస్తే వెంటనే బిగించండి. ట్యాంకు మట్టం ఆ స్క్రూ కంటే కిందికి దిగి ఉంటుంది, లేదా పంపు ఇంకా తిరుగుతూ ఉంటుంది. చేత్తో బ్లీడ్ చెయ్యడంలో ఉన్న లోపం ఒక్కటే: స్క్రూ ఉన్నచోట గాలినే తీయగలం. నేల పక్కన పైపు గూనిలో కూర్చున్న గాలికి స్క్రూ ఉండదు.

అలాంటి గాలికి నాకు నచ్చిన పద్ధతి కింద నుంచి నింపడం. మన ఊళ్లో డాబా మీద ట్యాంకు ఖాళీ అయి నిండాక ఒక కొళాయిలో నీళ్లు రాకపోతే, బాగా వచ్చే కొళాయి నుంచి దానికి హోస్ తగిలించి వెనక్కి తోసేస్తారే, అదే పని ఇక్కడా. వ్యవస్థలో అన్నిటికంటే కిందనున్న డ్రెయిన్ కాక్‌కి, అంటే నీళ్లు తీసే కొళాయికి, హోస్ పెట్టి జూబిలీ క్లిప్పుతో (స్క్రూతో బిగుసుకునే లోహపు పట్టీ) బిగించండి. బిగించే ముందు హోస్‌ను నీళ్లతో నింపడం మరవొద్దు, లేకపోతే ఆ గాలంతా మళ్లీ లోపలికే. నీళ్లు మెల్లగా వదిలితే అవి కింది నుంచి పైకి ఎక్కుతూ గాలిని ముందుకు తోసుకుంటూ హెడర్ ట్యాంకులోకి తీసుకొస్తాయి. రేడియేటర్లను ఒక్కొక్కటిగా తెరిచి మిగతావి మూస్తే ప్రతిదాని గుండా గట్టి ప్రవాహం పోతుంది. బుడగలు రావడం ఆగాక ముందు డ్రెయిన్ కాక్ మూసి, తర్వాతే హోస్ తీయాలి.

దీనికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు కొళాయి దగ్గర, ఇంకొకరు ట్యాంకు దగ్గర బకెట్‌తో. పొంగే నీళ్లలో ఇన్‌హిబిటర్, యాంటీఫ్రీజ్ ఉంటాయి కాబట్టి కాలువలోకి వదలకూడదు. ఒక పూట పని. పని అయ్యాక ఇన్‌హిబిటర్ మళ్లీ తగినంత కలపాలి. ఖర్చు పెద్దగా లేదు, ఫలితం మాత్రం చాలాసార్లు పంపుతో వచ్చేదానికి తీసిపోదు. అందుకే రెండో రకం గాలి అని రుజువయ్యే దాకా, వేరే ఏది కొనే ముందైనా ఇది చేసి చూడమంటాను.

గాలి పోయే శాశ్వత దారి: మూడింటిలో ఏది?

గూని ఉన్నచోట, వాలు మార్చడం కుదరనప్పుడు, అక్కడే గాలికి దారి చెయ్యాలి. మూడు రకాలున్నాయి.

ఓపెన్ వెంట్ పైపు అంటే ఎత్తైన చోటు నుంచి నిలువుగా లేచి హెడర్ ట్యాంకు మీద వంగి తెరుచుకునే గొట్టం. కదిలే భాగాలేవీ లేవు, పాడయ్యేదేమీ లేదు, ఆవిరి పుట్టినా అందులోంచే పోతుంది. కుదిరితే ఇదే పెట్టండి. పడవ పైకప్పు తక్కువ ఎత్తు కావడం, చెక్క గోడ మీద రాగి గొట్టం కనిపించడం, ఈ రెండే అడ్డంకులు. గొట్టం కనిపిస్తుందని దీన్ని వద్దనుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. గూనికి చేర్చిన ఆ అడుగు గొట్టం ఎన్నో రాత్రుల నిద్రను కాపాడుతుంది.

ఆటోమేటిక్ ఎయిర్ వెంట్ చూడటానికి చిన్న ఇత్తడి డబ్బా. లోపల తేలే బిళ్ల ఉంటుంది. గాలి వస్తే అది దిగి దారి తెరుస్తుంది, నీళ్లొస్తే లేచి మూస్తుంది. ఇళ్లలో బాగా పనిచేస్తుంది. పడవలో నాకు దీని మీద నమ్మకం తక్కువ. హెడర్ ట్యాంకు దానికంటే 40 సెంటీమీటర్లే ఎత్తున ఉంటే ఒత్తిడి 0.04 బార్ మాత్రమే. అంత కొద్ది ఒత్తిడికి కొన్ని సరిగ్గా మూసుకోక చెమర్చుతుంటాయి. తుప్పు రేణువు ఒకటి ఇరుక్కున్నా అంతే. అన్నిటికంటే ముఖ్యంగా, పంపు పీల్చే వైపున ఇది ఉంటే గాలిని బయటికి పంపకపోగా లోపలికి తీసుకుంటుంది. స్టవ్‌కి దగ్గరగా ప్లాస్టిక్ భాగాలున్నది ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. పంపు తోసే వైపున, స్టవ్‌కి దూరంగా, తరచూ చూడగలిగే చోట అయితే సరే.

మూడోది ఈ రెండిటికీ మధ్యస్థం. గూని మీద టీ జాయింటు పెట్టి, దాని మీద 10, 15 సెంటీమీటర్ల పొడవున్న లావు గొట్టం నిలబెట్టి, పైన చేత్తో తిప్పే బ్లీడ్ స్క్రూ బిగించడం. గాలి వచ్చి ఆ గొట్టంలో చేరుతుంది, నీళ్ల దారికి అడ్డం రాదు. అప్పుడప్పుడు స్క్రూ విప్పి తీసేస్తే చాలు. చవక, నమ్మకం, చిన్న జాగా. వెంట్ పైపుకు చోటు లేనివాళ్లకు నేను చెప్పేది ఇదే.

పంపు ఎవరికి?

పంపుకు నేను వ్యతిరేకిని కాదు. 15 మిల్లీమీటర్ల సన్న పైపులు వేసి ఉన్న పడవలో, రేడియేటర్లు స్టవ్ బాయిలర్ కంటే కిందనున్న పడవలో, స్టవ్ నుంచి చివరి గది 12 మీటర్లు దాటిన పడవలో బరువు తేడా ఒక్కటీ చాలదు. అక్కడ పంపు కావలసిందే. 28 మిల్లీమీటర్ల పైపులు చక్కటి వాలుతో ఉన్న పడవలో అది అనవసరం.

పంపుతో వచ్చే మొదటి భారం కరెంటు. ఒక ఆంపియర్ తినే పంపు సాయంత్రం 6 నుంచి ఉదయం 8 దాకా తిరిగితే 14 ఆంపియర్ అవర్లు. వినడానికి తక్కువే. కానీ డిసెంబరులో ఇక్కడ సోలార్ పలకల నుంచి వచ్చేది నామమాత్రం. పైగా కాలువ గట్టున కట్టేసిన పడవలు రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా ఇంజను నడపకూడదన్నది కాలువలు చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ నియమం. అర్ధరాత్రి బ్యాటరీ పడిపోతే పంపు ఆగుతుంది, స్టవ్‌లో నిప్పు ఆగదు. అందుకే పంపు పెట్టినా, పంపు లేకుండా తనంతట తానే నీళ్లు తిరిగే ఒక చుట్టు, వాల్వు లేని ఒక రేడియేటర్‌తో, స్టవ్ పక్కన ఉండి తీరాలి. అది వద్దని ఎవరైనా ఫిట్టర్ చెబితే వేరే ఫిట్టర్‌ని చూసుకోండి.

రెండోది, పంపు ఎక్కడ పెట్టాలన్నది. స్టవ్‌కి తిరిగొచ్చే చల్ల పైపు మీద, హెడర్ ట్యాంకు నుంచి నీళ్లు కలిసే చోటుకు వెంటనే తర్వాత ఉండాలి. అప్పుడు వ్యవస్థలో దాదాపు అంతా తోసే ఒత్తిడిలో ఉంటుంది. ట్యాంకు నీళ్లు పంపు దాటాక కలిసేలా పెడితే పంపు ముందున్న భాగమంతా పీల్పులో ఉంటుంది, ప్రతి వదులు జాయింటు దగ్గరా గాలి లోపలికి వస్తుంది. పంపు పెట్టాక గాలి ఎక్కువైందని చెప్పేవాళ్ల పడవల్లో ముందు ఇదే చూడాలి. పంపు వేగం మరీ ఎక్కువ పెట్టినా వెంట్ పైపు నుంచి నీళ్లు ట్యాంకులో పడుతూ గాలిని కలుపుకుని తిరిగి వస్తాయి. వేగం తగ్గిస్తే ఆగిపోతుంది. పైపు వేడెక్కితేనే పంపు తిరిగేలా ఒక పైపు థర్మోస్టాట్ తగిలిస్తే కరెంటూ మిగులుతుంది, స్టవ్ అప్పుడే రాజుకుంటున్నప్పుడు బాయిలర్ చల్లబడదు.

చప్పుడు సంగతి కూడా ఆలోచించండి. 7 అడుగుల గదిలో తల పక్కన రాత్రంతా గుంయ్ మంటుంటే కొందరికి నిద్ర పట్టదు.

నేను వద్దనే దారి

కారుల్లోనూ ఇళ్లలోనూ ఉన్నట్టు వ్యవస్థనంతా మూసేసి, ఒత్తిడి పెట్టి, ఎక్స్‌పాన్షన్ వెసెల్ (ఉబ్బిన నీళ్లను పట్టుకునే మూసిన డబ్బా) తగిలిస్తే గాలి సమస్య తగ్గుతుందన్నది నిజమే. డీజిల్ హీటర్లకు అది సరైనదే, మీట నొక్కితే వాటి మంట ఆరిపోతుంది. బొగ్గు మంటకు మీట లేదు. మూసిన వ్యవస్థలో ఒత్తిడి 3 బార్లకు చేరితే నీళ్లు 140 డిగ్రీలు దాటే దాకా మరగవు. ఆ స్థితిలో ఏదైనా తెగితే నీళ్లు ఒక్కసారిగా ఆవిరై పేలినంత పనవుతుంది. న్యారోబోట్‌లో స్టవ్‌కీ మంచానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో మీకు తెలుసు. కాబట్టి బొగ్గు స్టవ్‌కి తెరిచిన హెడర్ ట్యాంకే ఉండాలి. బాయిలర్‌కీ వెంట్‌కీ మధ్య వాల్వు ఉండకూడదు. ఆ పైపులు గడ్డకట్టి ఉన్నాయన్న అనుమానం ఉంటే స్టవ్ వెలిగించకూడదు.

విసిగిపోయి రేడియేటర్లే వద్దనుకునేవాళ్లు కూడా ఉన్నారు, అందులో తప్పేం లేదు. చిన్న పడవకు స్టవ్, దాని మీద తిరిగే చిన్న ఫ్యాన్, తెరిచిన తలుపులు చాలు. వెనక గదికి కావాలంటే వేరే డీజిల్ హీటర్ పెట్టుకోవచ్చు. కానీ బాయిలర్‌లో నీళ్లు తీసేసి అలాగే స్టవ్ వెలిగించొద్దు. బాయిలర్‌ను స్టవ్ నుంచి పూర్తిగా తీయించాలి.

మీ పడవకు ఏది?

పడవ ఈ మధ్యే కొన్నారు, అందులో ఏముందో తెలియదు అంటే స్పిరిట్ లెవెల్, హెడర్ ట్యాంకు, ఈ రెండిటితో మొదలుపెట్టండి. తర్వాత కింద నుంచి నింపండి. ఒక నెల చూడండి. గాలి ఆగిపోతే అంతటితో సరి.

ఒకేచోట మళ్లీ మళ్లీ గాలి చేరుతుంటే అక్కడ నిలువు గొట్టం, బ్లీడ్ స్క్రూ. నీళ్లు నల్లగా ఉంటే కడగడం, ఇన్‌హిబిటర్. రోజూ ట్యాంకు పొంగుతుంటే పెద్ద ట్యాంకు. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా చివరి గది చల్లగానే ఉంటే అప్పుడు పంపు, పైన చెప్పిన చుట్టుతో సహా.

వారాంతాల్లో మాత్రమే పడవకు వెళ్లేవాళ్లయితే నా సలహా కొంచెం వేరు. మీరు లేనప్పుడు గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి యాంటీఫ్రీజ్ తప్పనిసరి. వాడుకకు నీళ్లు కాచే ట్యాంకు లోపలి గొట్టం చుట్ట కూడా ఇదే పైపులకు కలిసి ఉంటే విషం కాని ప్రొపైలీన్ గ్లైకాల్ రకమే వాడండి. అది నీటిని చిక్కబరుస్తుంది, పంపు లేని వ్యవస్థలో ప్రవాహం ఇంకా నెమ్మదిస్తుంది. డబ్బా మీద రాసిన దానికంటే ఎక్కువ పోయకండి.

పైపులు కోసి అతికే పని మీకు రాకపోతే ఘన ఇంధన స్టవ్‌ల పనిలో హెటాస్ అనే సంస్థ గుర్తింపు ఉండి, పడవల అనుభవం కూడా ఉన్న ఫిట్టర్‌ని పిలవండి. చిన్న పడవల్లో ఇలాంటి స్టవ్‌లు బిగించడానికి బిఎస్ 8511 అనే ప్రమాణం 2010 నుంచి ఉంది. అది చదివారా అని అడగడానికి మొహమాట పడొద్దు. స్టవ్ దగ్గరి పైపులు రాగివే ఉండాలి, నొక్కి తగిలించే ప్లాస్టిక్ పుష్‌ఫిట్ రకం కాదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడవల భద్రతా నియమాలైన బోట్ సేఫ్టీ స్కీమ్ ప్రకారం 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి, స్టవ్ విప్పి బిగించాక దాని టెస్ట్ బటన్ కూడా నొక్కి చూడండి.

ఈ పనంతా అక్టోబరులోనే చేసుకోండి, స్టవ్ రెండు రోజులు చల్లగా ఉన్నా ఫరవాలేని సమయం అదే. అయిపోయాక మంచినీళ్ల ట్యాంకు నిండుగా ఉన్న రోజున ఒక సాయంత్రం, అడుగంటిన రోజున ఇంకో సాయంత్రం స్టవ్ గట్టిగా మండించి, చివరి రేడియేటర్ పైనా కిందా చెయ్యి పెట్టి చూడండి. రెండు సాయంత్రాలూ అది వేడిగా ఉంటే మీ పైపులు చలికాలానికి సిద్ధం.